ఉప్పు చూసే మనిషి

పరగడుపున రమ్మన్నరు. పోయిన.
మెహదీపట్నం ల్యాబుల నఫీసా అనే పిల్ల
సూది గుచ్చి, గొట్టాన్ని మిషన్ల తిప్పి,
జర సేపైనంక ఎలుగుకు పట్టి చూపించింది:
"చాచా, పైన ఇది తేటగ ఉండాలె."
తేటగ లేదు.
గంజి కలిపినట్టు మసక మసకగ,
ఇంకొంచెం సేపుంటే మీగడ కట్టేటట్టున్నది.
ముప్పై ఏండ్లు డేగిసల మీద తేలిన నెయ్యిని
గంటెతోని పక్కకు తోసినోన్ని,
నా నెత్తుట్ల నెయ్యిని నేను గుర్తుపట్టనా?

కాయితం మీద నాలుగు వందల ముప్పై ఎనిమిది.
ట్రైగ్లిజరైడ్స్. ఇంట్ల ఎవరికీ నోరు తిరగలె.
మా బామ్మర్ది "టైగరేదో ఉందంట బావకు" అన్నడు.
ఆ దినం సంది మా ఇంట్ల దాని పేరు పులి.

నేను నూనెను అనుమానించిన.
డాక్టరమ్మ నూనెను కొంచమే తిట్టింది.
"చాయ్‌ల చక్కెరెంత?"
"రెండు చెంచాలు."
"దినానికి చాయ్‌లెన్ని?"
నేను వేళ్ళు మడుస్తుంటే
ఆమె పెన్ను కింద పెట్టింది.
డబల్ కా మీఠా అడుగున మిగిలిన పాకం ఎవరిది,
రెండోపారి పెట్టుకున్న తెల్లన్నం ఎవరిది,
పెండ్లోళ్ళు పోయినంక, గిన్నెలు కడిగినంక
పావు సీసా ఎవరిది?
అన్నీ నావే.
తీపి, మందు, తెల్లన్నం
కడుపుల పడ్డంక వేషం మార్చుకుంటయంట,
కొవ్వయి నెత్తుట్ల తిరుగుతయంట.
నేను వంటింట్ల దొంగను దేవులాడుతున్న,
వాడు పందిట్ల అత్తరు పూసుకోని కూసున్నడు.

మూడు నెలలు గడువిచ్చింది.
తగ్గకుంటే గోలీలు.

తాండూరు దిక్కు రాళ్ళ చెలకల
మా అమ్మ జొన్నరొట్టె కొడుతుంటే
తెల్లబువ్వ కావాలని మన్నుల పొర్లి ఏడ్చినోన్ని.
దినాం తెల్లబువ్వ తినేటందుకే ఈ పట్నమొచ్చిన.
ఇప్పుడు గుడిమల్కాపూర్ల జొన్నపిండి ధర అడిగితే
బియ్యం కంటె ఎక్కువ చెప్పిండు.
నవ్వాల్నా, బేరమాడాల్నా తెల్వలె.
మాణెమ్మ చేతులు రొట్టెను మర్చిపోయినయి.
మొదటి వారం అంచులు చినిగినయి,
పెనం మీద వంకర టింకర దేశాలు లేచినయి.
చేపలు ఏంచుడు బందువెట్టి పులుసు వెట్టింది.
అవిసెగింజల పొడి కారంల కలిపి
నాకు చెప్పకుంట పెట్టింది.
చెప్పకున్నా తెలుస్తది. నా నాలుక గది.

కష్టం ఇంట్ల కాదు.
అత్తాపూర్ ఫంక్షన్ హాలు ఎనక
ఎనిమిది వందల మంది అన్నం పొయ్యి మీదుంటే,
ఉప్పు చూడాలె గద.
చూసుడంటె చూసుడా? ఒక ముద్ద, ఇంకొక ముద్ద,
ఎసరుల ఒకపారి, మసాలల ఒకపారి,
దమ్ము తీసినంక మళ్ళొకపారి.
నోట్ల పెట్టుకోని ఊంచుదామనుకున్న.
అన్నాన్ని ఊంచనీకె నోరొప్పలె.

జహంగీర్‌ను పిలిచిన.
ఆరేండ్ల సంది నా ఎనక ఉల్లిగడ్డలు కోసే పోరడు.
"ఉప్పు నువ్వు చూడురా."
వాడు కండ్లు మూసుకున్నడు. నేనెప్పుడు గట్ల మూసుకున్ననో,
వాడెప్పుడు చూసి నేర్చుకున్నడో.
"ఉస్తాద్, జర తక్కువున్నది."
తప్పు చెప్తే బాగుండని నా మనసు కొట్టుకున్నది.
ఆవిరి వాసన పీల్చిన.
తక్కువే ఉన్నది.
పిడికెడు ఉప్పు నేనే చల్లిన.
ఆ ఒక్క పని మాత్రం వానికియ్యలె.

మొన్న మళ్ళ పరగడుపున పోయిన.
నఫీసా గొట్టం అవతల వేలు పెట్టింది.
ఈ పారి వేలు నీడ అవుపడ్డది.
రెండు వందల ముప్పై ఒకటి.
నూట యాభై లోపల్నే ఉండాలె అన్నది డాక్టరమ్మ,
కానీ అనుకుంట చిన్నగ నవ్వింది.

ఇంటికొస్తే మాణెమ్మ గడపల్నే అడిగింది,
"పులి ఏడిదాక వచ్చింది?"
"గుట్ట దిగింది. ఇంకా ఊరు దాటలె."
"అయితే కాళ్ళు కడుక్కోని రా" అని
పిండి మీద వేడినీళ్ళు పోసింది.
రొట్టె చప్పుడు మొదలైంది.
గుండ్రంగ వస్తున్నదిప్పుడు,
ఒక్క దిక్కు అంచు తప్ప.